తీసేసిన తూము

పూడిమొగ పాళెంలో జీపు ఆగిన చప్పుడు వినపడితే పేరమ్మ చెంబుతో బయటికి రావడం మామూలు. వచ్చింది రెవెన్యూ వాళ్ళా, రొయ్యల బేరగాళ్ళా, ఓట్లు అడిగేవాళ్ళా అన్నది ఆమెకు పట్టదు. "ముందు నీళ్ళు తాగండి, తర్వాత ఏమన్నా మాట్లాడండి" అనేది. ఆ నీళ్ళంటే ఆమెకు అంత గర్వం. ఉండదా మరి? తూర్పున సముద్రం, మిగతా దిక్కులు చుట్టుకుని ఉప్పుటేరు. ఎటు చెయ్యి ముంచినా ఉప్పే. ఆ రెంటి మధ్య ఇసుక దిబ్బ అడుగున, తాటిమొద్దులు పేర్చిన గుంటలో తియ్యటి ఊట. పాళెం వాళ్ళు దాన్ని చెలమ అంటారు. తాతల నాటి నుంచి పాళెమంతా ఆ ఒక్క చెలమ మీదే బతికింది.

ఇరిగేషన్ ఏఈ పెంచలప్రసాద్ ఆ చెలమ నీళ్ళు కడవల కొద్దీ తాగి ఉంటాడు. ఉప్పుటేటికి అడ్డంగా రెగ్యులేటర్ కట్టడానికి సర్వే చేసిన వేసవి అంతా అతని మధ్యాహ్నం భోజనం పేరమ్మ అరుగు మీదే. పాళెమంతా "సారూ" అంటే ఆమె మాత్రం "నాయనా" అనేది. "నా చేతి పులుసు తిన్నోణ్ణి సారు అని ఎట్టా పిలిచేది?" అని నవ్వేది.

ఆ రోజు కూడా జీపు ఆగగానే పేరమ్మ వచ్చింది. చేతిలో చెంబు లేదు. ప్లాస్టిక్ గ్లాసు ఉంది.

"క్యాను నీళ్ళు నాయనా, ఏమనుకోబాక. వాకాడు నించి ఆటోలో తెస్తా ఉండారు" అంది, తప్పంతా తనదైనట్టు.

తప్పు ఎవరిదో తెలిసినవాడు ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.

దిబ్బ వెనక నుంచి చప్పుడు వస్తోంది. బక్కెట నీళ్ళు ఇసుకలో కుమ్మరించిన చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ.

"ఇంకా తోడతానే ఉందా?" అన్నాడు.

"తోడతానే ఉండాది. ఎంత తోడినా గంగమ్మ కరగలా" అంది పేరమ్మ.

తోడుతున్నది ఆమె కోడలు ధనలక్ష్మి. పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. చెలమను ఎవరు చెడగొడితే వాళ్ళే తోడాలి. చేపల బుట్ట కడిగినా, సబ్బు పెట్టినా, మేకను దింపినా అంతే. ఇంకొకరు సాయం పట్టకూడదు, ఆ బక్కెట ముట్టకూడదు. మంచి ఊట తిరిగి వచ్చేదాకా చెలమ వాళ్ళ బాధ్యత, వాళ్ళ సొత్తు. రోజూ పొద్దుగూకే వేళ పాళెం ముందు ఒక దోసెడు తాగి, తియ్యబడిందో లేదో వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి. జాలిపడి బక్కెట అందుకున్నవాడు ఇంతవరకు లేడు. కన్నతల్లి కూడా బిడ్డ కోసం అందుకోలేదు. అందుకుంటే తప్పు తనదని గంగమ్మ ముందు ఒప్పుకున్నట్టే.

అది మంచి కట్టుబాటే. పోలీసులూ కోర్టులూ అక్కర్లేకుండా తరతరాలు చెలమను శుభ్రంగా ఉంచింది. మురికి పడితే తోడితే పోతుంది. ఉప్పెక్కితే ఏం చేయాలో మాత్రం తాతలు చెప్పలేదు. వాళ్ళ కాలంలో చెలమ ఎన్నడూ ఉప్పెక్కలేదు కాబట్టి చెప్పలేదు. నీళ్ళు జిగటగా మారి, పప్పు ఉడకడం మానేసి, పిల్లలు ఉమ్మేయడం మొదలుపెట్టాక, పాళెం వాళ్ళు తమకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి పట్టుకున్నారు. ఎవరు చెడగొట్టారని వెతికారు. ధనలక్ష్మి తడ వైపు నుంచి వచ్చిన పిల్ల, పెళ్ళయి ఇంకా కొత్త పోలేదు. రొయ్యల బుట్ట నెత్తిన పెట్టుకుని చెలమ పక్కగా పోతుంటే చూశామన్నారు. అంతే చాలింది. కొత్తగా వచ్చిన కోడలి మీద నింద అతికినంత తొందరగా ఊరి ఆడపిల్ల మీద అతకదు.

అసలు ఘోరం ఇంకొకటి. ఇసుక దిబ్బ కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, మజ్జిగ మీద వెన్న తేలినట్టు. పైది తీసేకొద్దీ కిందిది పైకి పొంగుతుంది. అంటే ఆ పిల్ల ఎంత కష్టపడి తోడితే చెలమ అంత ఉప్పెక్కుతుంది. ఇది పాళెంలో ఎవరికీ తెలియదు. పెంచలప్రసాద్‌కు తెలుసు. కిందటి నెల రెగ్యులేటర్ తలుపులకు గ్రీజు పెట్టించడానికి వచ్చి, దారిలో ఆమెను చూసిన క్షణానే అంతా తెలిసింది. తెలిసి ఏం చేశాడంటే, జీపు దిగకుండానే డ్రైవరును పోనిమ్మన్నాడు.

పాళెం పెద్ద కామాక్షయ్య వల భుజాన వేసుకుని వచ్చాడు. ముసలాయన, మంచివాడు, మాట మీద నిలబడేవాడు.

"సమయానికి వచ్చినారు సారూ. సాయంత్రం కూర్చుంటా ఉండాం. ఆ పిల్లను పుట్టింటికి పంపించేద్దామని."

"పంపించేయడమా? ఎందుకు?"

"ఇన్నాళ్ళు తోడినా తియ్యబడలేదంటే గంగమ్మకు ఆమె పొడ గిట్టలేదనే గదా. ఆమె పోతేనన్నా నీళ్ళొస్తాయేమో."

"మధుబాబు ఏమన్నాడు?" అని అడిగాడు. మధుబాబు ధనలక్ష్మి మొగుడు. మద్రాసు కాసిమేడు బోట్లలో పనికి పోయి ఉన్నాడు.

"పెద్దోళ్ళు ఎట్టంటే అట్టా అన్నాడు ఫోన్లో." కామాక్షయ్య తల గోక్కున్నాడు. "మాకూ మనసొప్పలా సారూ. కానీ పాళెమంతా ఎండిపోతా ఉంటే ఏం చేసేది? మీరు సదువుకున్నోరు, న్యాయం తెలిసినోరు. ఆ కాసేపు మీరు కూడా కూర్చుంటే మాకు ధైర్యంగా ఉంటాది."

పేరమ్మ పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. న్యాయం తెలిసినవాడు సాయంత్రానికల్లా వస్తానని చెప్పి, జీపును నిడిగుంట వైపు తిప్పించాడు.

నిడిగుంట రెగ్యులేటర్‌కు ఎగువన ఉన్న వరి పల్లె. అతని మేనమామ చెంచురామయ్యది ఆ ఊరే. తండ్రి పోయాక పెంచలప్రసాద్‌ను స్కూటరు మీద నాయుడుపేట బడికి తీసుకుపోయింది ఆయనే, ఇంజనీరును చేసిందీ ఆయనే. ఇప్పుడు నీటి సంఘానికి పెద్ద. రెగ్యులేటర్ రాక ముందు పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీళ్ళు ఏరు ఎక్కి ఆ పొలాల్లోకి వచ్చేవి. నేల మీద ఉప్పు పేరుకుని, ఎండకు తెల్లగా మెరిసేది. తలుపులు పెట్టాక పోటు ఆగిపోయింది. ఎగువ నుంచి వచ్చే మంచినీళ్ళు తలుపుల వెనక నిలిచాయి. నిడిగుంట వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేసవిలో ఎడగారు పంట పెట్టారు. కనుచూపు మేర పచ్చగా ఉంది. దాన్ని చూసి సంతోషపడనివాడు మనిషి కాడు. పెంచలప్రసాద్ కూడా సంతోషపడ్డాడు, కిందటి నెల దాకా.

చెంచురామయ్య గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"మామా, పాళెం వైపు తలుపు ఒకటి జానెడు ఎత్తుదాం. పాటున్నంత సేపే, సముద్రం వెనక్కి తీసినంత సేపు. మళ్ళీ పోటుకు దించేద్దాం" అన్నాడు పెంచలప్రసాద్.

"పైరు పొట్ట మీద ఉండాది రా. ఇప్పుడు నీళ్ళు వదిలితే తాలు గింజలు కోసుకోవాల."

"చెలమ ఉప్పెక్కింది. దిగువకు చుక్క మంచినీళ్ళు పోవడం లేదు. పాళెం పక్కన ఏట్లో సముద్రం తప్ప ఏమీ లేదు."

"ట్యాంకరు పంపిద్దాం. నేను మాట్లాడతా."

"ఒక ఆడపిల్లను ఊరు వెళ్ళగొడతా ఉండారు మామా."

చెంచురామయ్య గొడుగు దించాడు. చెడ్డవాడు కాదు. మడిచిన గొడుగు కొనను గట్టు మట్టిలో గుచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ తూము సంగతి నిన్నెవరన్నా అడిగినారా?"

"లేదు."

"మరెందుకు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేది? కోతలు కానీ. తర్వాత చూద్దాం."

తూము సంగతి ఇది. పెంచలప్రసాద్ గీసిన మొదటి డ్రాయింగులో పాళెం వైపు గోడలో ఒక చిన్న తూము ఉంది. పోటుకు తనంతట తనే మూసుకుని, పాటుకు తనంతట తనే తెరుచుకునే మూత దానికి. ఎవరి దయా అక్కర్లేకుండా కొద్దిపాటి మంచినీళ్ళు రోజూ దిగువకు పోతుండాలని, దిబ్బ కింద ఊట చావకూడదని పెట్టాడు. పేరమ్మ చెంబును తలుచుకునే పెట్టాడు. ఒక ఆదివారం మామ ఇంట్లో భోజనానికి పోయి ఆ డ్రాయింగు చూపించాడు. "ఇదేందిరా అబ్బయా, నిండు కుండకు బొక్క పెడతా ఉండావు?" అన్నాడు చెంచురామయ్య. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ వారంలోనే తూము తీసేశాడు. కాగితం మీద గీత చెరిపితే మరకైనా మిగులుతుంది, కంప్యూటర్లో అదీ ఉండదు. పైవాళ్ళు ఎవరూ అడగలేదు. చిన్న తూము, దానికేం, అనుకున్నాడు.

రెగ్యులేటర్ తలుపుల వ్యవహారమే అంత. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కానీ ఒక్క మాట దాచడం న్యాయం కాదు. తలుపు ఎత్తమనే అధికారం ఏఈది. నీటి సంఘం సలహా చెప్పగలదు, అంతే. పెంచలప్రసాద్ మామను అడగాల్సిన పనే లేదు. అడగనక్కర్లేని మాట అడగడానికి అంత దూరం పోయాడంటే, కాదనిపించుకోవడానికే పోయాడు. తిరిగి వచ్చే దారిలో ఆ సంగతి అతనికే అర్థమైంది. అర్థమయ్యాక జీపు సీటులో సరిగ్గా కూర్చోలేకపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు వాలేసరికి పాళెమంతా చెలమ చుట్టూ ఇసుకలో చేరింది. ధనలక్ష్మి గుంటలో నిలబడి ఉంది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, బక్కెట పట్టుకుని, తల వంచుకుని. పొద్దు చూసి కామాక్షయ్య సైగ చేశాడు. ఆమె వంగి దోసెడు నీళ్ళు తాగింది.

"ఉప్పే" అంది.

ఆడవాళ్ళలో ఎవరో నిట్టూర్చారు. కామాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచే లోపల పెంచలప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"ఆ పిల్ల తప్పేమీ లేదు. చెలమ ఉప్పెక్కింది నా వల్ల."

అంతా చెప్పాడు. తూము చెప్పాడు, ఎందుకు పెట్టాడో చెప్పాడు, ఎవరి మాట విని తీసేశాడో చెప్పాడు. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద ఎలా తేలుతాయో, తోడితే ఎలా పొంగుతాయో చేతులతో చూపించాడు. జనం శ్రద్ధగా విన్నారు. విన్నాక కామాక్షయ్య ప్రేమగా నవ్వాడు.

"సారుది ఎన్నపూస మనసు. పిల్ల మీద జాలితో తన నెత్తిన ఏసుకుంటా ఉండారు."

"జాలి కాదు, నిజం."

"గోడ యాడుండాది, చెలమ యాడుండాది సారూ? కేకేస్తే గూడా ఇనపడదే! ఆడ బొక్క పెట్టకపోతే ఈడ నీళ్ళు చెడతాయా?"

ఆడవాళ్ళు తలలూపారు. దేవుడి లాంటి మనిషి అన్నారు. అతను ఎంత విడమరిచి చెబితే అంత మంచివాడైపోయాడు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నిజం ఎరిగిన మనిషే ఎదురుగా నిలబడి చెబితే మాత్రం ఎవరికీ ఎక్కదు.

అప్పుడు గుంటలో నుంచి ధనలక్ష్మి మాట్లాడింది.

"వద్దు సారూ. మీరు మాట పడబాకండి. నేనే చేసినా."

మొదట్లో గంగమ్మ గుడి ముందు కర్పూరం వెలిగించి, బుట్ట కడగలేదని ప్రమాణం చేసిన పిల్ల ఆమె.

"కడగలేదని నువ్వే చెప్పావు కదమ్మా!"

"అప్పుడు అట్టా అనుకున్నా. బుట్టలో నించి కారుంటాది, నేను చూసుకోలేదేమో. రోజూ తాగతా ఉంటే తెలస్తా ఉండాది సారూ. ఇది నా తప్పే."

ఆ మాటతో పెంచలప్రసాద్ గుండె చెరువైంది. అతను చేసిన తప్పును ఆ పిల్ల తన లోపల వెతుక్కుని, వెతుక్కుని, చివరికి దొరికిందనుకుంది. చెప్పులు విడిచాడు. ప్యాంటు పైకి మడిచాడు. తాటిమొద్దుల మెట్లు దిగి గుంటలోకి వెళ్ళాడు.

"సారూ, ఏందది?" కామాక్షయ్య లేచాడు. "ఆ బక్కెట ముట్టకూడదు!"

"తెలుసు" అన్నాడు. ధనలక్ష్మి చేతిలో నుంచి బక్కెట తీసుకున్నాడు. ఆమె వేళ్ళు వెంటనే విడవలేదు, పట్టు అలవాటైపోయింది. ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు. మాటలు జాలితో అనొచ్చు. ఆ బక్కెట జాలితో అందుకోవడం అనేది ఆ ఇసుక మీద లేదు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కామాక్షయ్య ముఖంలో ప్రేమ మెల్లగా ఇంకిపోయింది.

"ఇప్పుడు చెలమ నాది. అంతే కదా కామాక్షయ్యా?"

"అంతే" అన్నాడు ముసలాయన.

"అయితే నేను తోడను. ఇంకెవరూ తోడకూడదు. వానలు పడేదాకా దీన్ని కదిలించకూడదు." బక్కెటను మెట్టు మీద బోర్లించాడు. జేబులో నుంచి ఫోను తీసి రెగ్యులేటర్ దగ్గరుండి తలుపులు ఎత్తి దించే లస్కరు గంగాధరానికి చేశాడు. "గంగాధరం, పాళెం వైపు తలుపు జానెడు ఎత్తు. పాటున్నంత సేపు ఎత్తే ఉంచు. రోజూ అంతే. చెంచురామయ్య గారు అడిగితే నా పేరు చెప్పు."

ఫోను పెట్టేశాడు. ఆ పని అంత సులువని పాళెమంతా కళ్ళారా చూసింది. అతను దాచాలనుకున్నా దాచలేనంత స్పష్టంగా చూసింది.

ధనలక్ష్మి ఇంకా మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"మీకు ఎప్పుడు తెలిసింది సారూ?" అంది.

ఈరోజే అంటే సరిపోయేది. కాదనే సాక్షి ఎవరూ లేరు.

"కిందటి నెల. నువ్వు తోడుతుంటే చూసి" అన్నాడు.

ఆమె గుర్తు చేసుకుంది. "జీపు ఆగింది. నేను చూసినా. మీరు దిగి మంచినీళ్ళు అడుగుతారేమో, ఇయ్యడానికి లేవే అని సిగ్గుతో తల దించుకున్నా." మెట్లెక్కింది. నీళ్ళలో నాని నాని ఆమె పాదాలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి ఆపుకున్నాడు.

జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. మామ. మోగనిచ్చాడు.

"పొద్దు గూకతా ఉండాది" అన్నాడు కామాక్షయ్య, అతని వైపు చూడకుండా. "తాగి చెప్పాల."

పెంచలప్రసాద్ వంగాడు. దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు. నాలుకకు తగలగానే కక్కు వచ్చినంత పనైంది. ఈ నీళ్ళు ఆ పిల్ల రోజూ తాగింది. బలవంతంగా మింగాడు.

"ఉప్పే" అన్నాడు.

"గట్టిగా చెప్పాల. అందరికీ ఇనపడాల."

"ఉప్పే!"

పైకి వచ్చేసరికి గొంతు మండుతోంది. జనం దారి ఇచ్చారు, ఎవరూ పలకరించలేదు. పేరమ్మ గుడిసె ముందు క్యాను వంచి గ్లాసులో నీళ్ళు పోసింది. కోడలి గడ్డం పట్టుకుని, చంటిబిడ్డకు పట్టినట్టు, తన చేత్తోనే తాగించింది. అతను రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. క్యానులో ఇంకా సగం పైన ఉన్నాయి. పేరమ్మ మూత బిగించింది.

"రేపు గూడా పొద్దుగూకే లోపల రావాల, సారూ" అంది.